ఆదం దాటాక రోడ్డు

మా ఆవిడ అన్నగారి కూతురు శిరీష మొన్న డిసెంబరులో హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చింది. చుట్టపుచూపుగా రాలేదు. పెద్ద అట్టపెట్టెలో ఊడదీసిన సైకిలుతో వచ్చింది. మస్కట్‌లో, అజైబాలో మేముండే ఫ్లాటు హాల్లో పాత దుప్పటి పరిచి, దాని మీద చక్రాలు, పెడళ్లు, గొలుసు పేర్చుకుని, ఉదయమంతా కూర్చుని తనే బిగించుకుంది. మస్కట్ నుంచి సలాలా దాకా ఆ సైకిలు మీద ఒక్కతే వెళుతుందట. వెయ్యి కిలోమీటర్ల దూరం, మధ్యలో ఉన్నదంతా ఎడారే. మా ఆవిడ విజయ వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూ, "ఒక్కదానివే అంత దూరం ఏమిటే తల్లీ, నీకేమైనా అయితే మా అన్నయ్యకి నేనేం చెప్పుకోవాలి" అని పాడిన పాటే పాడుతోంది. నేను ఆ పిల్లకి నూనెగుడ్డ అందిస్తూ, "ఎందుకోసమమ్మా ఇదంతా?" అని అడిగాను. ఏ సేవాసంస్థ పేరో, ఏదో రికార్డు సంగతో చెబుతుందనుకున్నాను. ఆ పిల్ల తల ఎత్తకుండానే, "ఊరికే మావయ్యా, వెళ్లాలనిపించింది" అంది. అంత తేలిగ్గా అంది.

అప్పుడు విజయ అంది: "మీ మావయ్య కూడా పెళ్లికి ముందు ఇలాగే బయల్దేరాడటే. ఎండదెబ్బ తగిలి వెనక్కొచ్చేశాడు." శిరీష చేతిలో పానా కింద పెట్టి, "నిజమా మావయ్యా! ఎప్పుడూ చెప్పలేదేం? ఎందాకా వెళ్లారు?" అంది. "ఆదం దాటాను" అని చెప్పి, దాహం వేసినవాడిలా లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. విజయకి తెలిసింది కూడా అంతే. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఎండదెబ్బ మాట దగ్గరే ఆ కథ ఆపుతూ వచ్చాను. యాభై దాటినవాణ్ణి, మనవణ్ణి ఎత్తుకున్నవాణ్ణి, వంటింట్లో కుళాయి దగ్గర నిలబడి చెవులు వేడెక్కుతుంటే సిగ్గుపడ్డాను.

ఒమాన్‌కి వచ్చిన కొత్తలో నేను మస్కట్ పాతబజారు మత్రాలో ఉండేవాణ్ణి. రేవుకి ఎదురుగా, బజారు సందులోకి తిరగగానే, ఒక గుజరాతీ సేఠ్ కొట్టు మీద మా రూమ్. కింద కొట్టులో ఎండు నిమ్మకాయలూ, యాలకులూ, సాంబ్రాణి గడ్డలూ గోనెసంచుల్లో ఉండేవి. ఆ వాసన మెట్ల మీదుగా పైకి వచ్చి మా బట్టలకి, దిండ్లకి, చివరికి మా చారుకి కూడా పట్టేది. నలుగురం ఉండేవాళ్లం. నేను ఏసీ పనులు చేసే కంపెనీలో డ్రాయింగులు గీసేవాణ్ణి. రూమ్‌కి పెద్దదిక్కు దేవసహాయంగారు. నరసాపురం దగ్గరి మనిషి. ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేరి, అక్కడే తల నెరిసినవాడు. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, మా నిద్ర చెడకుండా గోడవైపు తిరిగి పెదాలు మాత్రం కదిలిస్తూ ప్రార్థన చేసుకునేవారు. తరువాత టీకి నీళ్లు పడేసి, తన పక్క దుప్పటి అంచులు ఆసుపత్రి మంచం మాదిరిగా బిగించి మడిచేవారు. మా పక్కలు కూడా అలాగే మడిచేవారు. మేమెవరమూ ఆ పని నేర్చుకోలేదు. శుక్రవారం పొద్దున న్యూస్‌పేపరు పరిచి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంటే, ఆ పూట ఎండుచేపల పులుసు అని అర్థం. రేకు డబ్బా మూత తీయగానే కింద నుంచి సేఠ్ కిటికీలు మూసుకునే చప్పుడు వినిపించేది. దేవసహాయంగారు నవ్వి, "ఆయన సాంబ్రాణి మనం పీల్చట్లేదూ?" అనేవారు.

ఊరికి వెళ్లిపోతున్న ఒక ఫిలిప్పీనో ఇంజనీరు దగ్గర నేనొక సైకిలు కొన్నాను. గేర్ల సైకిలు. నాకప్పటికి అంతటి సైకిలు లేదు. సాయంత్రాలు రేవు రోడ్డు మీద, సముద్రం పక్కన, అటుచివర నుంచి ఇటుచివరకి తొక్కేవాణ్ణి. చూసేవాళ్లు చూస్తున్నారని తెలిసి ఇంకొంచెం గట్టిగా తొక్కేవాణ్ణి. అదే సమయంలో సలాలా గురించి విన్నాను. ఎండాకాలం నడిమధ్య అక్కడ వాన పడుతుందట. కొండలు పచ్చబడతాయట, కొబ్బరితోటలుంటాయట. అరబ్బులు ఆ రోజుల్ని ఖరీఫ్ అంటారు. మనకి ఖరీఫ్ అంటే పంట. వాళ్లకి ఖరీఫ్ అంటే వాన. కోనసీమలో పుట్టి, వాన అంటే విసుక్కుంటూ పెరిగినవాణ్ణి, ఏడాదిన్నరగా చినుకు చూడక ఆ మాటకే మెత్తబడిపోయాను. ఒక శుక్రవారం తెలుగువాళ్లందరం సముద్రం ఒడ్డున భోజనాలకి చేరినప్పుడు, ఎవరో సలాలా మాట ఎత్తితే, "సైకిల్ మీద వెళ్తే ఎలా ఉంటుందో!" అన్నాను. అది కోరిక కూడా కాదు, నోటినుంచి జారిన మాట. కానీ ఎవరో చప్పట్లు కొట్టారు. మా తెలుగు సంఘానికి పెద్దగా ఉండే రాజుగారు లేచి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, "మన తెలుగోడి సత్తా చూపిద్దాం" అన్నారు. అన్నం తినడం పూర్తయ్యేసరికి నేను సలాలా వెళ్లడం ఖాయమైపోయింది.

ఇంక వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. నిజానికి నేను వెతకలేదు. పొగడ్త రుచి అప్పుడే తెలిసింది. కంపెనీ సెలవిచ్చింది జూలైలో. అదే ఖరీఫ్ కాలం కదా అని సర్దుకున్నారు అందరూ. అక్కడ వాన పడుతున్న రోజుల్లో దారి పొడవునా నేల పెనంలా కాలుతూ ఉంటుందని ఎవరూ అనలేదు. బ్యానర్ రాసే మలయాళీ, "దేనికోసం యాత్ర అని రాయాలి?" అని అడిగితే నాకూ తెలియలేదు, రాజుగారికీ తెలియలేదు. వానకోసం అని రాయలేం కదా. ఊరికే అని అసలు రాయలేం. కాసేపు ఆలోచించి, "ప్రపంచ శాంతి కోసం అని రాయించు" అన్నారు రాజుగారు. బ్యానర్ మీద, నేను తొడుక్కునే బనీను గుండెల మీద ఎర్ర అక్షరాలతో అదే పడింది. రూమ్‌లో దేవసహాయంగారు ఆ బనీను చేతిలోకి తీసుకుని, చదివి, మడతపెట్టి నా పక్క మీద పెట్టారు. "వాన చూడాలనుంటే రువీలో బస్సు ఎక్కొచ్చు కదరా అబ్బాయ్, పొద్దున ఎక్కితే రాత్రికి దిగుతావు" అన్నారు. నేను నవ్వాను. ముసలితనం చాదస్తం అనుకున్నాను. సాగనంపే సభకి ఆయన రాలేదు. డ్యూటీ ఉందన్నారు. కానీ ముందురోజు కూర్చుని అటుకులు వేయించి, ఉప్పూ కారం కలిపి, ప్లాస్టిక్ సంచుల్లో పొట్లాలు కట్టి నా బ్యాగులో ఒక్కొక్కటీ సర్దారు.

సభ రేవు రోడ్డు మీద జరిగింది. తెల్లవారకముందే బయల్దేరాలని నా ఆలోచన. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. ఉపన్యాసాలయ్యాయి, ఫొటోలయ్యాయి, మత్రాలో దొరికిన మల్లెపూలన్నీ దండలై నా మెడలో పడ్డాయి. నేను పెడలు మీద కాలు వేసేసరికి సూర్యుడు కొండలెక్కి కూర్చున్నాడు. దండలు తీసి హ్యాండిల్‌కి తగిలించుకున్నాను. ఊరు దాటకముందే అవి వాడి నల్లబడ్డాయి. అయినా వాటిని తీసి పారెయ్యలేదు. దారిలో వెళ్లే కార్లవాళ్లు హారన్ కొడితే, దండలున్నాయి కాబట్టే కొడుతున్నారనుకున్నాను.

మొదటి రోజులు సాగాయి. కొండల మధ్య ఎక్కుడు రోడ్డు, ఖర్జూరపు తోటలు, పెట్రోలు బంకుల్లో చల్లటి మజ్జిగ. పాకిస్తానీ లారీ డ్రైవర్లు ఆపి, నీళ్లిచ్చి, వీపు తట్టి వెళ్లేవారు. నిజ్వాలో ఒక తెలుగు నర్సు కుటుంబం భోజనం పెట్టి, పిల్లల పుస్తకాల్లో నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకం ఎంత వంకర్లు తిప్పి పెట్టానో నాకింకా గుర్తు. ఆ తరువాత ఆదం. అది ఎడారికి ముందు చివరి ఊరులాంటిది. అక్కడితో కొండలు అయిపోతాయి. పొద్దున్నే ఆదం దాటాను. దాటాక రోడ్డు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. అటూ ఇటూ ఏమీ ఉండదు. ఇసుక తిన్నెలు కూడా ఉండవు, గులకరాళ్ల నేల, దాని మీద ఆడే వేడి. ఎదురుగాలి మొదలైంది. మన వడగాలి లాంటిది కాదు, పొయ్యి మూత తీసి మొహం ముందు పెట్టినట్టుంది. సీసాల్లో నీళ్లు టీ అంత వేడెక్కాయి. తాగితే వాంతి వచ్చింది. తరువాతి మజిలీ దగ్గరే అనుకున్నాను, రాలేదు. చెమట ఆగిపోయింది. అది మంచిదే అనుకున్నాను, నేనంత తెలివైనవాణ్ణి. కాసేపటికి అంత ఎండలోనూ చలి వేసి పళ్లు కొట్టుకున్నాయి. ఒంటెలున్నాయి జాగ్రత్త అని చెప్పే రోడ్డు బోర్డు ఒకటి కనిపిస్తే, సైకిలు పడేసి దాని నీడలో పడుకున్నాను. నీడ జరుగుతుంటే నేనూ జరిగాను. నీడ కరిగిపోయి బోర్డు మొదట్లోకి చేరింది. ఇక జరగలేదు. బట్టల్లోనే అన్నీ అయిపోయాయి. అది తెలుస్తూనే ఉంది, చెయ్యి కదలడం లేదు.

మేకలు వేసుకుపోతున్న ఒక పికప్ ఆగింది. తెల్లగడ్డం ముసలాయన దిగాడు. నన్నూ, సైకిలునీ మేకల మధ్య పడేసుకుని, రోడ్డు దిగి, లోపల కొంచెం దూరంలో ఉన్న తన ఇంటికి తీసుకుపోయాడు. పెరట్లో మేకలకి నీళ్లు పెట్టే గొట్టంతో నన్ను ఆయనే కడిగాడు. మా నాన్నగారికంటే పెద్దవాడు. వద్దు వద్దు అనడానికి నాకు నోరు రాలేదు. తన పాత లుంగీ ఒకటి చుట్టి, మగవాళ్లు కూర్చునే ముందరి గదిలో చాప మీద పడుకోబెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగ కొంచెం కొంచెంగా పట్టించాడు. ఏమేమో అడిగాడు. నాకు పనిలో పట్టుబడిన అరబీ నాలుగు ముక్కలే వచ్చు, ఆ గొంతుతో అవీ రాలేదు. అప్పుడాయన లోపలికి కేకేశాడు: "ఉబ్లా!"

నల్ల గౌను వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకున్న ఆడమనిషి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. నా మొహం ఒక్క క్షణం చూసి, గబగబా లోపలికి వచ్చి కూర్చుని, తెలుగులో అడిగింది: "యాడ్నుంచి పారిపోయొచ్చినావు నాయనా?"

తెలుగు వినగానే నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి ఆమె తను అనుకున్నదే నిజమనుకుంది. "గొర్రెల కాడ పెట్టినారా? తిండి పెట్టల్యా? కొట్టినారా?" అని నా చేతులూ వీపూ చూసింది. ఎండకి బొబ్బలెక్కిన చోట వేలితో తాకి, "అయ్యో, ఎట్ల కొట్టినారు నాయనా" అంది. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె లోపలికి పోయి, కడప యాసలో అరబీ మాట్లాడడం వినిపించింది. ముసలాయన గొంతు, ఆయన భార్య గొంతు, మధ్యలో ఈమె ఏడుపు. కాసేపటికి తిరిగి వచ్చింది. "భయపడగాకు. బాబా మంచోడు. పోలీసులకు చెప్పొద్దని కాళ్లు పట్టుకున్యా. నువ్వు నా సొంత తమ్ముడివని చెప్పినా. అట్ల చెప్తేనే ఉండనిస్తారు. ఎవురన్నా అడిగితే నువ్వు గూడా అదే చెప్పు."

ఆమె పేరు ఓబులమ్మ, వాళ్ల నోట్లో ఉబ్లా అయింది. ఆ ఇంట్లో పనిమనిషి. నా బట్టలు ఉతికి పెరటి గోడ మీద ఆరేసింది. మర్నాడు పొద్దున నేను లేచి కూర్చునేసరికి, ఎండిన బనీను మడతపెడుతూ గుండెల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. "ప్రపంచ శాంతి కోసం. శాంతి ఎవురు? నీ పెండ్లామా?" అంది. నిజంగా అడిగిందో, నన్ను నవ్వించడానికి అందో నాకిప్పటికీ తెలియదు. నాకింకా పెళ్లే కాలేదని, పారిపోయి రాలేదని, మస్కట్‌లో మంచి కంపెనీలో ఉద్యోగమని, సైకిలు మీద సలాలా వెళదామని బయల్దేరానని చెప్పాను.

"బస్సు లేదా?"

"ఉందండీ."

"మళ్ల?"

మా సంఘంవాళ్లకి చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. తెలుగోడి సత్తా. శాంతి సందేశం. ఆ మనిషి ఎదురుగా వాటిలో ఒక్కటీ నోట పలకలేదు. "ఊరికేనండీ. సరదాగా" అన్నాను.

"సరదాకా?" అంది. కోపంగా అనలేదు. ఎప్పుడూ వినని వస్తువు పేరేదో విన్నట్టుగా అంది. బనీను మళ్లీ విప్పి, మొదటినుంచి మడతపెట్టింది. నాకప్పుడు తట్టింది, ఈమె నాకోసం యజమాని కాళ్లు పట్టుకుని అబద్ధమాడిందని, ఆ అబద్ధం ఇప్పుడు ఆమె మెడకే చుట్టుకుంటుందని. "నేనే చెప్తాను బాబాకి, మీకేం తెలియదని చెప్తాను" అన్నాను. "నువ్వేం చెప్తావు, నీకు మాటే రాదు. అబద్ధమాడింది నేను గదా, నేనే చెప్తా" అని లేచింది.

ముందరి గది గుమ్మంలో నిలబడి చూశాను. ముసలాయన పెరట్లో నీడన కూర్చుని మేకలకి గడ్డి విడదీస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి, తలగుడ్డ కొస చేత్తో నలుపుతూ చెబుతోంది. లోపల నుంచి ఆయన భార్య బయటికి వచ్చి విన్నది, వింటూనే గొంతు పెంచింది. ఓబులమ్మ తల దించుకుంది. నా మూలంగా ఒకావిడ తల దించుకుని నిలబడడం చూశాను, గుమ్మం చెక్క పట్టుకుని. ఆ పొద్దున ఆమెని పంపించేసినా, కొట్టినా నేనేమీ చేయలేను. ముసలాయన గడ్డి వదిలి నన్ను పిలిచాడు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. నా మొహం చూశాడు, గోడకి ఆనించిన సైకిలు చూశాడు, వాడిన దండలు చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తరువాత ఫ్లాస్కు తీసి కాఫీ తనే పోసి, గిన్నెలో ఖర్జూరాలు నా ముందుకి జరిపి ఏదో అన్నాడు. ఓబులమ్మ తల ఎత్తకుండానే చెప్పింది: "తమ్ముడని ఒగసారి నోట్లోంచి వచ్చినాక తమ్ముడేనంట. తినమంటాండాడు."

తిన్నాను. చావు తప్పి బతికినవాడికి కలగవలసిన సంతోషం నాకు ఆ రోజంతా కలగలేదు. సిగ్గు మాత్రం ఆగకుండా కలిగింది. అంతమంది చేత చప్పట్లు కొట్టించుకుని వచ్చి, తెలియని ఇంట్లో అన్నీ చేయించుకున్నందుకు. పారిపోయినవాడి బాధ నాది కానందుకు కూడా సిగ్గే వేసింది. ఆమె జాలి నాకు చెందనిది. అయినా ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. మధ్యాహ్నం మజ్జిగన్నం కలిపి తెచ్చి, మా ఊరేదో, అమ్మ ఎలా ఉంటుందో, చెల్లెళ్లకి పెళ్లయిందో లేదో అన్నీ అడిగింది. "మీ యమ్మకు ఈ సంగతి చెప్పాకు, నిద్ర పట్టదు" అంది. నేను సమాధానాలు చెబుతూ పోయాను.

సాయంత్రం ఎండ తగ్గాక బాబా కూతురు సల్మా, ఆరేడేళ్లది, సైకిలు గంట మోగిస్తూ ఆడుకుంటోంది. ఓబులమ్మ చీపురు పట్టుకుని దగ్గరకొచ్చి నిలబడింది. "ఇది ఒగసారి తొక్కనా?" అని అడిగింది. చిన్నప్పుడు వాళ్ల అన్న సైకిలు దొంగతనంగా తీసుకుపోయి నేర్చుకుందట. నేను సీటు కిందికి దించి ఇచ్చాను. గౌను అంచు ఎత్తి నడుం దగ్గర దోపుకుని ఎక్కింది. మొదట రెండుసార్లు ఒరిగి కాలు ఆనించింది. మూడోసారి సాగింది. పెరట్లో ఖర్జూరపు చెట్లు నాలుగింటి చుట్టూ తిరిగింది. సల్మా వెనక పరుగు. లోపలున్న ఆడవాళ్లంతా గుమ్మంలోకి వచ్చారు. పొద్దున కేకలేసిన ఇంటావిడ కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చుట్టులోనే ఓబులమ్మ హ్యాండిల్ తిప్పి, తెరిచి ఉన్న గేటులోంచి బయటికి పోయింది.

మట్టి బాట మీద, తారు రోడ్డు వైపు తొక్కుకుంటూ పోయింది. ఇంటావిడ నవ్వు ఆగింది. "ఉబ్లా! ఉబ్లా!" అని పిలిచింది. ఆమె వెనక్కి చూడలేదు. బాబా లేచి నిలబడ్డాడు. తారు రోడ్డెక్కింది. నల్లగౌను గాలికి ఉబ్బి, మనిషి చిన్నదైపోతూ వచ్చింది. తిరిగి రాదేమో అనిపించింది నాకు. నిజం చెప్పాలంటే, రాకపోతే బాగుండునని కూడా అనిపించింది. ఎవరం కదల్లేదు. దూరాన ఆ నల్లచుక్క ఆగింది. కాసేపు ఆగే ఉంది. తరువాత మెల్లగా తిరిగింది.

రొప్పుతూ వచ్చి దిగింది. చెమట తుడుచుకుని, "గాలి బాగుండాది" అంది. నేను ఆ నిమిషంలో ఏదో గొప్పపని చేస్తున్నట్టు, "ఈ సైకిలు మీరే ఉంచుకోండి అక్కా" అన్నాను. ఆమె హ్యాండిల్ నా చేతికిచ్చి, చీపురు అందుకుంది. "నాకెందుకబ్బా? యాడికి పోవాల?" అని ఊడవడం మొదలుపెట్టింది.

మర్నాడు బాబా నన్నూ సైకిలునీ ఆదం తీసుకొచ్చి మస్కట్ పోయే లారీ ఎక్కించాడు. రూమ్‌లో దేవసహాయంగారు నన్ను చూసి ఏమీ అడగలేదు. పగిలిన పెదాలకి వెన్న రాశారు, మిగతావాళ్లని కూడా ఏమీ అడగనివ్వలేదు. రాజుగారు మాత్రం సభ మానలేదు. వాతావరణం అనుకూలించలేదు గానీ సంకల్పం గొప్పదని చెప్పి శాలువా కప్పారు. నేను కప్పించుకున్నాను. నాలుగు మాటలు మాట్లాడమంటే గొంతు బాగోలేదన్నాను. ఆ తరువాత సైకిలు ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు. పెళ్లయ్యాక విజయనీ పిల్లల్నీ ఖరీఫ్ చూపించడానికి ఆ రోడ్డు మీదే సలాలా తీసుకెళ్లాను. వాన చూశాం, కొబ్బరిబొండాలు తాగాం. పనిమీద దుక్మ్ రేవు వైపు కూడా ఎన్నోసార్లు పోయాను. ఆదం వచ్చిన ప్రతిసారీ వేగం పెంచేవాణ్ణి. ఏ మొహంతో దిగను? నేనేనండీ, మీ పెరట్లో గొట్టంతో కడిగినవాణ్ణి అని చెప్పనా?

శిరీష బయల్దేరిన రోజు దండల్లేవు, ముఖ్య అతిథి లేడు. చలికాలపు తెల్లవారుజామున అపార్టుమెంటు కింద వాచ్‌మన్ ఒక్కడే చూశాడు. విజయ పట్టుబట్టడంతో, ఎడారి మొదలయ్యేదాకా ఇద్దరం కారులో వెనకే వెళ్లి మంచినీళ్లు అందించడానికి నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు రోడ్డు రెండు వైపులా వెడల్పయింది. ఆ పిల్ల ఎక్కడుందో విజయ ఫోనులో చుక్కలా కనిపిస్తూనే ఉంటుంది. మూడో రోజు ఆదం దాటాక ఆగి, అరటిపండు తిని, "ఇక మీరు వెళ్లిపోండి మావయ్యా, అత్తయ్యని ఏడవనివ్వకండి" అని నవ్వి సాగిపోయింది. ఎందుకని నేను అడిగినప్పుడు ఆ పిల్ల సిగ్గుపడలేదు. ఊరికే అన్న మాటని తేలిగ్గా అనగలిగిన మనిషి అలా పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు, కారు వెనక్కి తిప్పవలసినవాణ్ణి, ఇంకొంచెం ముందుకి పోనిచ్చి, రోడ్డు దిగి, మట్టి బాట పట్టాను. "ఎక్కడికండీ?" అంది విజయ. "తెలిసినవాళ్లు" అన్నాను.

మట్టి బాటకి తారు వేశారు. ఇల్లు కొత్తగా కట్టారు గానీ, ఖర్జూరపు చెట్లు ఉన్నాయి. గేటు దగ్గర ముప్పై దాటిన అమ్మాయి, ఆదంలో టీచరట, ఎవరు కావాలని ఇంగ్లీషులో అడిగింది. బాబా గురించి అడిగితే పోయి చాలా ఏళ్లయిందంది. నేను తడబడుతూ, చాలా కాలం క్రితం ఒక సైకిలు మీద అని అంటుండగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. లోపలికి తిరిగి, "అమ్మా! ఉబ్లా తమ్ముడొచ్చాడు!" అని అరబీలో అరిచింది. సల్మా.

కాఫీ, ఖర్జూరాలు వచ్చాయి. సల్మా ఆగకుండా చెప్పింది. నేను వెళ్లిపోయాక ఓబులమ్మ పోరు పెట్టగా పెట్టగా, బాబా నిజ్వా నుంచి ఒక చిన్న సైకిలు తెచ్చాడట. ఓబులమ్మ సల్మాకీ, తరువాత ఆమె చెల్లెళ్లకీ తొక్కడం నేర్పిందట. చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఆడపిల్లలకి అప్పటికి సైకిలు లేదట. ఇప్పుడు తన కూతురికి తనే నేర్పుతోందట. "ఉబ్లా ఎలా నేర్పిందో చూస్తారా?" అని, నడుం వంచి, లేని సైకిలు సీటు వెనక పట్టుకుని పరుగెత్తుతున్నట్టు నటిస్తూ, కడప యాసలో గట్టిగా అరిచింది: "తొక్కు, తొక్కు! కింద చూడాకు! పడవులే, నేనుండా!"

విజయ చేతిలో కప్పు ఆగిపోయింది. "తెలుగండీ" అంది నా వైపు తిరిగి. "ఎవరండీ ఈ ఉబ్లా?"

అంతలో గోడకి ఆనుకుని కూర్చున్న ముసలావిడ, ఆనాటి ఇంటావిడే, చూపు తగ్గిన కళ్లతో నా వైపు చెయ్యి చాచి ఏదో అడిగింది. సల్మా ఇంగ్లీషులో చెప్పింది. బాబా పోయాక ఉబ్లా తన ఊరికి వెళ్లిపోయింది. కొన్నేళ్లు ఫోను చేసేది, తరువాత ఆ నంబరు పలకడం మానేసింది. "మా అమ్మ అడుగుతోంది, మీరు తమ్ముడు కదా, మీకు తెలిసే ఉంటుంది. మా ఉబ్లా ఎలా ఉంది?"

గదిలో అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నాకు ఆమె ఊరు కూడా తెలియదు. ఆ రోజు మజ్జిగన్నం పెడుతూ నా ఊరూ వాడా అన్నీ అడిగిన మనిషిని నేను ఒక్క ప్రశ్న కూడా తిరిగి అడగలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంటిని నేను పడిపోయిన చోటుగానే గుర్తుపెట్టుకున్నాను. తెలియదని తల అడ్డంగా ఊపాను. ముసలావిడకి కనబడలేదు. సల్మా మెల్లగా చెప్పింది. ఆవిడ తనే చెప్పడం మొదలుపెట్టింది. ఉబ్లా ఊరు రాయ్‌షూటి పక్కన, ఇంటి ముందు చింతచెట్టు ఉంటుంది, అన్న పేరు గంగన్న, కూతురు పేరు సుబ్బులు. చ పలకని నోటితో మన రాయచోటి పేరు ఆ ఎడారిలో విన్నాను. ఓబులమ్మకి కూతురుందని అప్పుడే తెలిసింది. నేను మర్చిపోతానేమోనని ఆవిడ అన్నీ ఇంకోసారి చెప్పింది. చివరికి నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"వెళ్లినప్పుడు చెప్పు" అందట. "సల్మా కూతురు కూడా తొక్కుతోందని చెప్పు."

విజయ నన్నే చూస్తోంది. "చెప్తానమ్మా" అన్నాను తెలుగులోనే.